తూర్పు ఒడ్డు కాలర్

కాలర్ కుట్టడం నాకు వచ్చినట్టు ఈ ఊళ్ళో ఇంకెవరికీ రాదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. కావాలంటే ఎదురు దుకాణం వాడు కుట్టిన చొక్కాని రెండు ఉతుకులు ఉతికి చూడండి, కాలర్ కుక్క చెవుల్లా వాలిపోతుంది. నా కాలర్ మాత్రం చొక్కా చిరిగి పేలికలైనా నిటారుగా నిలబడే ఉంటుంది. ఈ మనిషికీ కాలర్‌కీ తేడా లేదు, రెండూ ఒక పట్టాన వంగవు అంటుంది మా ఆవిడ.

మా ఊరి మధ్యగా నది పారుతుంది. ఇవతల పడమటి ఒడ్డు. నా టైలరింగ్ దుకాణం, దాని వెనకే మా ఇల్లు, ఆసుపత్రి, ఆఫీసులు అన్నీ ఇటువైపే. వంతెన దాటితే తూర్పు ఒడ్డు. అక్కడంతా గట్టి రాళ్ళ నేల. ఎవరి పెరట్లో వాళ్ళు పండించుకున్నదే తింటారు, అక్కడి పశువుల పాలే తాగుతారు. అక్కడి ఆడవాళ్ళు నా దుకాణానికి వస్తే అందరిదీ ఒకటే మాట. "మెడ ఎత్తుగా పెట్టు బాబాయ్, గడ్డం దాకా రావాలి." నడి ఎండాకాలంలో కూడా అదే వరస. కొలతలు తీసుకుందామని టేపు అందుకుంటే చటుక్కున ఒక పాత గౌను తీసి బల్ల మీద పడేసేవారు. "ఇదిగో ఆది. దీన్ని బట్టి కుట్టు, చాలు." మెడ మీద టేపు వెయ్యనిచ్చిన మనిషి ఒక్కరు లేరు.

పోనీలే, ఎవరి సిగ్గు వాళ్ళది అనుకున్నాను. ఆ ఎత్తు మెడకి 'తూర్పు ఒడ్డు కాలర్' అని పేరు పెట్టి, ఒకటి కుట్టి, దుకాణం అద్దంలో నిలబెట్టిన బొమ్మకి తొడిగాను. ఈ ఫ్యాషన్ పుట్టింది నా కత్తెరలోంచే అని కనబడినవాడికల్లా చెప్పుకుని తిరిగాను.

మా కోడలు మా ఇంటికి వచ్చిన కొత్తల్లో ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. మనిషి పొట్టి. బొమ్మ భుజం దాకా కూడా రాదు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది ఈ పిల్లని చూసే అని ఉంటారు.

"మామయ్యా, ఇది ఎవరేసుకుంటారు?"

"అవతలి ఒడ్డు వాళ్ళు. ఫ్యాషనమ్మా."

"వాళ్ళు తెచ్చే ఆది గౌనులో మెడ ఎంత ఉంటుంది?"

"మగాళ్ళ మెడంత ఉంటుంది. ఒళ్ళు చేసిన మనుషులేమో."

"ఒళ్ళు చేస్తే నడుం కూడా పెరగాలి కదా. మరి నడుం వదులు చెయ్యమని ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. ఇంకా బిగించమనే అడిగేవారు. అరవై దాటిన నా నోటికి మొదటిసారి తాళం పడింది.

"అది ఫ్యాషన్ కాదు మామయ్యా," అంది మెల్లగా. "దాచుకోవడం."

మా కోడలిది మట్టి పరీక్షల లాబ్‌లో ఉద్యోగం. నాకు అర్థమయ్యేలా బల్ల మీద గుండీలు పేర్చి చెప్పింది. అయోడిన్ అని ఒక ఖనిజం ఉంటుందట. నేలలో అది తక్కువైతే పంటలో తక్కువ, పంటలో తక్కువైతే తిన్న మనిషిలోనూ తక్కువ. గొంతు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. దానికి ఆ అయోడిన్ కావాలి. చాలకపోతే, దొరికిన కాస్తతోనే పని నెట్టుకురావాలని అది పెరిగి పెరిగి వాస్తుంది. పైకి కనిపించేది వాపు. కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఎప్పుడూ నీరసం, చలి, మందకొడితనం, పిల్లలు చదువులో వెనకబడటం. ఏళ్ళ తరబడి వదలని జబ్బు. మా ఊరి వాళ్ళు వాడే ఉప్పు కొండ తవ్వి తెచ్చే రాతి ఉప్పు. అందులోనూ అయోడిన్ లేదు.

అంటే ఇన్నాళ్ళూ నా దుకాణానికి వచ్చి మెడ కొలతలు ఇచ్చింది నేల అన్నమాట. నేను దానికి ఫ్యాషన్ అని పేరు పెట్టుకున్నాను!

ఏ పేటలో ఈ జబ్బు ఎంతమందికి ఉందో, ఆ పేట మట్టిలో అయోడిన్ ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూడాలని కోడలు పట్టుబట్టింది. లాబ్ డైరెక్టరుగారు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి చెవిలో జోరీగ బాధ పడలేక సరే అన్నారు. ముందు పడమటి ఒడ్డు చేసింది. ఇటువైపు నది మేట వేసిన మెత్తటి నేల. మట్టిలోకి తిప్పి దించే బర్మా వెన్నలోకి దిగినట్టు దిగింది. తర్వాత తూర్పు ఒడ్డు. అక్కడ రాళ్ళు. బర్మా తిప్పి తిప్పి అరచేతుల నిండా బొబ్బలు లేచాయి. గ్లౌజులు రెండో రోజుకే చిరిగాయి. ఇంకో జత అడగమ్మా అంటే వినలేదు. ఒక పొలంలో నాలుగుచోట్ల తీసిన మట్టిని తొట్టిలో వేసి ఒట్టి చేత్తోనే కలిపి సంచిలో నింపేది.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగం వదిలింది కానీ టించరు సీసా వదల్లేదు. గీసుకుందా టించరు, తెగిందా టించరు, దురద పుట్టిందా టించరు. వీధిలో పిల్లలు మోకాలు దోక్కుపోతే ఏడ్చేది దెబ్బకి కాదు, ఈవిడకి దొరికిపోతామని. అందరూ 'టించరమ్మ' అనే పిలుస్తారు. కోడలి బొబ్బలు చూసి ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే గుమ్మంలో కాపు కాసి, రెండు అరచేతులకీ ఎర్రగా పూసి మరీ పనికి పంపేది.

ఫలితాలు వచ్చాయి. పడమటి ఒడ్డు మట్టిలో అయోడిన్ తక్కువ. అనుకున్నదే. జబ్బు ఇంతకి రెండింతలున్న తూర్పు ఒడ్డు మట్టిలో మాత్రం అయోడిన్ పుష్కలంగా ఉందని తేలింది.

కోడలి ముఖం వాడిపోయింది. డైరెక్టరుగారి ముఖం వెలిగిపోయింది. ఎవరూ ఊహించని ఫలితం కదా! "తూర్పు ఒడ్డు జబ్బుకి కారణం నేల కాదు. అది వాళ్ళ రక్తంలోనే ఉంది" అని నివేదిక రాయించి ఊరి కౌన్సిల్‌కి పంపేశారు. అయోడిన్ ఉప్పు, ప్రత్యేక క్లినిక్, రెండూ పడమటి ఒడ్డుకి మాత్రమే. తూర్పు వాళ్ళకి ఇచ్చి లాభం లేదన్నారు. మాట వంతెన దాటడానికి ఎంతసేపు? బస్సుల్లో తూర్పు వాళ్ళ పక్కన కూర్చోవడానికి జనం జంకడం మొదలుపెట్టారు. ఆ బస్సు నడిపేది మా అబ్బాయే. ఇంటికి వచ్చి చెప్పి బాధపడ్డాడు.

దాన్ని ఖాయం చేసే కౌన్సిల్ సమావేశానికి వేసుకోవడానికని డైరెక్టరుగారు నా దగ్గర తెల్ల చొక్కా కుట్టించుకున్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం గంజి కలిపి కాలర్‌కి పట్టిస్తున్నాను. కోడలు అంతకుముందే పెరట్లో మొక్కకి గుంట తీస్తూ చెయ్యి గీసుకుంది. క్షణంలో టించరమ్మ సీసాతో ప్రత్యక్షం. కోడలు ఆ ఎర్రటి చేత్తోనే వచ్చి, "నేను పట్టిస్తాను మామయ్యా, మీరు ఇస్త్రీ పెట్టె వేడెక్కించుకోండి" అంది.

వెనక్కి తిరిగి చూద్దును కదా, మంచులాంటి కాలర్ మీద అయిదు వేళ్ళు! సిరా గుమ్మరించినట్టు నల్లగా, నీలంగా.

"ఏం చేశావమ్మా! డైరెక్టరు చొక్కా అది!"

తన అరచెయ్యి చూసుకుంది. కాలర్ చూసింది. గంజి గిన్నెలో వేలు ముంచింది. వేలి చుట్టూ నీలం పాకింది.

"అయోడిన్ గంజికి తగిలితే నీలం అవుతుంది మామయ్యా," అంది. "టించరు అంటేనే అయోడిన్."

"అయితే ఏంటి? నా చొక్కా సంగతి చెప్పు."

ఆమె వంటింటి వైపు తిరిగింది. "అత్తయ్యా! తూర్పు ఒడ్డుకి వెళ్ళిన రోజుల్లో నా చేతులకి రోజూ పూశారా?"

"ఒక్క రోజు మానితే ఒట్టు!" అంది మా ఆవిడ గర్వంగా.

కోడలు కుట్టు మిషను పక్కనే కూర్చుని లెక్క విప్పి చెప్పింది. మట్టిలో అయోడిన్ ఉండేదే అణువంత అట. ఆ టించరు చేత్తో కలిపితే ఎంత పేద నేలైనా ఒక్క పూటలో సంపన్నురాలైపోతుంది. పడమట మెత్తటి నేల, అందుకే బొబ్బల్లేవు, టించరు లేదు. తూర్పున రాళ్ళు, బొబ్బలు, టించరు. ఒక నర్సూ ఒక మట్టి పరీక్షల పిల్లా ఒకే ఇంట్లో ఉంటే తప్ప ఇలాంటి పొరపాటు లోకంలో ఎక్కడా జరగదు.

మర్నాడు తెల్లారగానే కొత్త గ్లౌజులు, శుభ్రం చేసిన స్టీలు గరిట పట్టుకుని వంతెన దాటింది. సంచులు పట్టడానికి నేనూ వెళ్ళాను. మొదటి పెరడు పాలక్కది. ఇంటింటికీ పాలు పోసే మనిషి, నాకు పాత ఖాతాదారు. గడ్డం దాకా నా కాలరే తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. వెనక ఆమె కూతురు.

"మళ్ళీ ఏం తవ్వుతారు?" అంది పాలక్క. "మా రక్తంలోనే ఉందని తేల్చేశారటగా. ఇంక మట్టితో పనేముంది?"

"తేల్చింది నేనే అక్కా," అంది మా కోడలు. "తప్పు తేల్చాను. సరిచెయ్యడానికే వచ్చాను. తవ్వుకోనిస్తారా?"

పాలక్క ఆమె చేతి గ్లౌజులు చూసింది. అడ్డం తొలగింది.

ఆ వారంలోనే తేలిపోయింది. తూర్పు నేలలో అయోడిన్ పడమటి నేలలో కంటే కూడా తక్కువ. ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. కోడలు పరుగున వెళ్ళి చెబితే డైరెక్టరుగారికి మింగలేక కక్కలేక అయింది. "నివేదిక వెళ్ళిపోయింది. ఇప్పుడు తప్పంటే లాబ్ పరువేం కావాలి? నీ ఉద్యోగం పర్మనెంట్ కావాల్సిన సమయం. నోరు మూసుకో. వచ్చే సర్వేలో చూద్దాం" అన్నారు. ఆ వచ్చే సర్వే ఎప్పుడో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. గుమ్మడికాయల దొంగ అనకముందే మా ఆవిడ భుజాలు తడుముకుంది. "నా పేరు చెప్పమ్మా. సీసా నాది."

"మందు మీది అత్తయ్యా, చెయ్యి నాది. గ్లౌజులు లేకుండా కలిపింది నేను."

నాకు మాత్రం భయమేసింది. ఉన్నమాటే చెబుతున్నాను. "పెద్దాయన మాట విని ఈ ఒక్కసారికి ఊరుకోకూడదా?" అన్నాను.

కోడలు నా వైపు తిరిగింది. "కుట్టు తప్పితే మీరేం చేస్తారు మామయ్యా?"

"విప్పి మళ్ళీ కుడతాను."

"ఖాతాదారు ఎదురుగానా?"

"ఎదురుగా ఎవడు విప్పుతాడు? చాటుగానే!"

"మరి బట్ట అప్పటికే ఇచ్చేశారనుకోండి. ఆ మనిషి దాన్ని తొడుక్కుని వీధిలో తిరుగుతోంది. అప్పుడు?"

ఈ పిల్ల నా నోటికి తాళం వెయ్యడం ఇది రెండోసారి. లేచి వెళ్ళి నీలి వేళ్ళ కాలర్‌ని చొక్కా నుంచి విప్పి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాను. డైరెక్టరుగారు పాత చొక్కాతో వెళ్తారులే అనుకున్నాను.

సమావేశం రోజు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పడమటి వాళ్ళు, వెనక గోడకి ఆనుకుని తూర్పు వాళ్ళు. డైరెక్టరుగారు మాట్లాడి కూర్చోగానే మా కోడలు లేచింది. మైకు వెనక నిలబడితే జుట్టు తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరో నవ్వారు కూడా. ఆమె మైకు వదిలి పక్కకి వచ్చింది. బల్ల మీద గంజి గిన్నె పెట్టింది. అరచేతికి టించరు పూసుకుంది. గంజిలో ముంచి, తెల్లగుడ్డ మీద అద్ది, పైకెత్తింది. నీలి చెయ్యి. రెండో చేత్తో నా కాలర్ ఎత్తింది. దాని మీదా అదే చెయ్యి.

"తూర్పు ఒడ్డు మట్టిలో అయోడిన్ ఉందని రాశాను. అది మట్టిలోది కాదు, నా చేతిది. నా బొబ్బలకి పూసుకున్న మందది," అంది. "మళ్ళీ తీసి చూశాను. ఆ నేల ఇక్కడి నేల కన్నా పేదది. తూర్పు ఒడ్డు వాళ్ళ రక్తంలో ఏ తప్పూ లేదు. తప్పు ఈ చేతిలో ఉంది."

కౌన్సిల్ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఒకసారి తప్పు చెప్పావు. ఇప్పుడు చెప్పేది మాత్రం ఎందుకు నమ్మాలమ్మా?"

"నమ్మొద్దండీ. ఇంకో ఊరి లాబ్‌తో తీయించండి. వాళ్ళు చెప్పేదాకా తూర్పుకి ఉప్పు మాత్రం ఆపకండి. ఆ కాస్త అయోడిన్ ఇస్తే పెద్దగా పోయేదేం లేదు. ఆపితే పిల్లల చదువులు పోతాయి."

"సీసా నాది!" అని పక్కనుంచి కేక. మా ఆవిడ. నేను చెయ్యి పట్టి లాగేలోపే లేచి నిలబడింది. "పూసింది నేను. రోజూ పూశాను. ఏం చేస్తారో చేసుకోండి!"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వెనక గోడ దగ్గర తూర్పు వాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళు ఇటువైపు వచ్చి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పొరుగూరి లాబ్ వాళ్ళు వచ్చి తీశారు. మా కోడలు రెండోసారి చెప్పిందే తేలింది. ఉప్పు రెండు ఒడ్డులకీ వెళ్ళింది. క్లినిక్‌ని తూర్పునే పెట్టారు. కోడలికి మాత్రం సర్వే బాధ్యత తీసేసి ఇంకొకరికి ఇచ్చారు. పర్మనెంట్ మాట ఎత్తినవాడు లేడు. ఎదురు దుకాణం వాడు వచ్చి, "మీ కోడలు నలుగురిలో తప్పు ఒప్పుకుందటగా, పాపం" అన్నాడు. "ఒప్పుకుంది. మీ వంశం మొత్తం మీద ఒక్కరు ఒప్పుకున్నారేమో చూసి చెప్పు" అన్నాను. నాకు గర్వం ఎక్కువని ఊరంతా అంటుంది. ఎక్కువే. ఇన్నాళ్ళూ కాలర్లని చూసుకుని గర్వపడ్డాను. ఇప్పుడు ఆ పొట్టి పిల్లని చూసుకుని. ఆ నీలి వేళ్ళ కాలర్‌ని చట్రం కట్టించి మిషను ఎదురుగా తగిలించాను. మాసిన గుడ్డ ఎందుకు తగిలించావని ఎవరడిగినా పని ఆపి మొత్తం కథ చెబుతాను. పని లేటవుతుంది. అవనీ.

మొన్న పాలక్క కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల బడికి గౌను కావాలట.

"దీనికి గుండ్రటి మెడ పెట్టు బాబాయ్."

పిల్ల మెడ కొలిచాను. సన్నగా, నున్నగా ఉంది. తర్వాత అలవాటు కొద్దీ పాలక్క కాలర్‌ని నిలబెట్టే బక్రం గుడ్డ అందుకున్నాను.

"నీకు ఎప్పట్లాగే కదా? ఆది ఏదమ్మా?"

"తేలేదు."

"మరి?"

"నాది ఇంక తగ్గదని డాక్టరమ్మ చెప్పింది," అంది. "తగ్గకపోతే పోనీ. నా రక్తంలో ఏం లేదని మీ కోడలు అంతమందిలో చెప్పింది కదా. ఇంక దాచుకోవడం ఎందుకు? నాక్కూడా గుండ్రంగానే కుట్టు."

పై గుండీ తీసింది. తర్వాత రెండోది. గడ్డం పైకెత్తి నిలబడింది. "కొలుచుకో."

బక్రం పక్కన పడేసి, "అమ్మాయ్, ఓసారి ఇలా రా" అని లోపలికి కేకేశాను. మా కోడలు వచ్చింది. టేపు ఆమె చేతికే ఇచ్చాను. మునివేళ్ళ మీద లేచి పాలక్క మెడ చుట్టూ టేపు వేసి, కొలత పైకి చదివింది. ఎదురు దుకాణం వాడు పని మానేసి ఇటే చూస్తున్నాడు. చూడనీ అని తలుపు ఇంకాస్త బార్లా తీశాను.